వంటాముదం నుంచి నొప్పుల సెలైన్ దాకా

మా దేవరకొండ వైపు చెలకల్లో ఒకప్పుడు ఆముదాల చేను లేని ఊరు అరుదు. వాన రెండుసార్లు మొహం చాటేసినా తట్టుకుని నిలబడే పంట కాబట్టి ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల మెట్ట రైతుకు అదే ఆసరా. అమ్ముకోగా మిగిలిన గింజలు ఇంట్లో వంటాముదం అయ్యేవి. మా నాయనమ్మ గింజల్ని మంగలంలో దోరగా వేయించి, రోట్లో ముద్దయ్యేదాకా దంచేది. పెద్ద కుండలో నీళ్ళు తెర్లుతుండగా ఆ ముద్ద వేసి పొద్దంతా ఉడికించేది. నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో మెల్లగా తేర్చి వేరే గిన్నెలోకి తీసి మళ్ళీ పొయ్యి మీద పెట్టేది. తడి ఇంకేదాకా చిటపటలాడి, ఆ చప్పుడు ఆగితే ఆముదం అయినట్టు. గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. అంతసేపు ఉడకడంతో అది చచ్చిపోతుందన్న సంగతి నాకు నర్సింగ్ చదివాక తెలిసింది. నాయనమ్మకు తెలిసింది పచ్చి గింజ నోట్లో పెట్టుకోకూడదన్నంత వరకే. అంతవరకూ తెలిస్తే చాలు కదా.

ఆ ఆముదం తలకు, పసిపిల్లల మాడుకు, గుడి దీపానికి, మలబద్ధకానికి వాడేవాళ్ళం. నెలలు నిండి పది రోజులు దాటినా నొప్పులు రాని ఆడపిల్లకు కూడా అదే. మిరియాల చారులో రెండు చెంచాలు కలిపి తాగించేవారు. ఒకటి రెండు గంటల్లో కడుపు కదిలేది. కొందరికి దాని వెంటే నడుము పట్టేసి నొప్పులు మొదలయ్యేవి. ఎక్కువమందికి విరేచనాలై నీరసం తప్ప ఏమీ ఒరిగేది కాదు. ఒకే నూనె, ఒకే మోతాదు, ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు చేయదు? లేబర్ రూములో పనిచేసినన్నాళ్ళూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. కాన్పు మొదలుపెట్టాలని మనుషులు వేల ఏళ్ళుగా చేసిన ప్రయత్నాల చరిత్ర చదివితే దానికి జవాబు దొరికింది.

ఆముదం మన ఒక్కరిదే కాదు. క్రీస్తుకు పూర్వం 1550 ప్రాంతానిదని చెప్పే ఈజిప్టు వైద్య గ్రంథం, ఎబెర్స్ పపైరస్‌లో కూడా ఆముదం ఔషధంగా కనిపిస్తుంది. మన దగ్గర దాన్ని ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వకూడదో నిర్ణయించింది మాత్రం వైద్యులు కారు, మంత్రసానులు. తెలుగు పల్లెల్లో చాలాచోట్ల మంగలి కులం ఆడవాళ్ళదే ఆ పని. మా వాడకట్టులో పురుళ్ళు పోసిన అవ్వకు ప్రతిఫలంగా చాటెడు బియ్యం, కుంచెడు జొన్నలు, ఒక చీర ఇచ్చేవారు. మగపిల్లవాడు పుడితే ఇంకో నాలుగు రూపాయలు. మాయ తీసి, నెత్తురు కడిగి, బిడ్డను తల్లి పక్కలో పడుకోబెట్టిన ఆ చేతులనే మర్నాడు మైల అని దూరం పెట్టేవారు. ఆమె గడప బయట కూర్చుని చాయ్ తాగడం నేను కళ్ళారా చూశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

పిలవగానే ఆ అవ్వ సంచీ విప్పి మందులు తీసేది కాదు. చూలాలి పక్కన కూర్చుని లోకాభిరామాయణం మొదలుపెట్టేది. మీ అత్త ఎట్లున్నది, చేను ఎట్లున్నది అని. మాట్లాడిస్తూ మొహం చూసేది. పొట్ట మీద అరచెయ్యి ఆనించి, అది ఎంతసేపు గట్టిగా ఉంటుందో, ఎంతసేపటికి మెత్తబడుతుందో గమనించేది. "ఇంకా నవ్వుతున్నది గద బిడ్డా, ఇయ్యాల కాదు పో" అని లేచి వెళ్ళిపోయిన సందర్భాలు ఎన్నో. "నొప్పొచ్చినప్పుడు మాట నడుమల తెగాలె. అప్పుడు పిలువుండ్రి నన్ను" అనేది. ఇంటివాళ్ళు కంగారుపడి ఆముదం తాగిస్తామంటే ముందు పొట్ట కిందికి జారిందా, నడుము నొప్పి ముందుకు పాకుతోందా అని అడిగేది. అవి లేకపోతే ఆముదం గిన్నె ముట్టనిచ్చేది కాదు. దొంగ నొప్పులనూ అసలు నొప్పులనూ వేరు చేయడమే ఆమె విద్యలో సగం. నర్సింగ్ స్కూల్లో మాకు ఆ సంగతి పుస్తకంలో రెండు పేజీల్లో చెప్పారు.

చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో నొప్పుల వేళ ఏం చేయాలన్న దాని మీద ఒక వాదం నడుస్తుంది. మన వైద్య చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అది. నొప్పులు పడుతున్నా కాన్పు కాకపోతే ఆమెను లేపి, రోకలి చేతికిచ్చి, రోట్లో ధాన్యం దంచమనాలని కొందరు చెబుతారు. ఆ గ్రంథంలో గురువైన ఆత్రేయుడు ఒప్పుకోడు. గర్భిణికి ఎప్పుడూ కఠిన శ్రమ పనికిరాదు, ప్రసవ వేళ మరీనూ. అప్పటికే శరీరంలో ధాతువులన్నీ కదిలిపోయి ఉంటాయి, రోకలిపోటు దెబ్బకు ప్రాణమే పోవచ్చు అంటాడు. ఆవులించడం, అటూ ఇటూ నడవడం మాత్రం మంచివే అంటాడు. అంతకన్నా విలువైన మాట ఆ తర్వాత వస్తుంది. నొప్పి రానప్పుడు ముక్కవద్దని స్త్రీకి చెప్పాలట. తుమ్ము రానివాడు ఎంత ప్రయత్నించినా తుమ్మలేనట్టే, నొప్పి లేకుండా ముక్కితే ఆ శ్రమ వృథా, పైగా బిడ్డకు చేటు. నొప్పి వచ్చాక ఆపుకున్నా అంతే చేటు. ఇప్పటికీ లేబర్ రూముల్లో గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే "ముక్కు, ముక్కు" అని అరిచేవాళ్ళున్నారు. వాళ్ళు ఆ అధ్యాయం చదివితే బాగుండు.

అదే అధ్యాయంలో తొమ్మిదో నెల నుంచి నూనెతో తడిపిన దూదిని యోనిలో ఉంచమని, నూనెతో అనువాసన వస్తి (ఆసన మార్గం గుండా నూనె ఎక్కించడం) చేయమని ఉంటుంది. నొప్పులను రప్పించడానికి కాదు, దారిని మెత్తబరచడానికి. మెత్తబడటం వేరు, మొదలవడం వేరు అన్న తేడాను ఆ వైద్యులు గుర్తించారు.

అలాగని పాత పద్ధతులన్నీ మంచివని నేననను. అడవినాభి దుంప నూరి అరచేతులకూ అరికాళ్ళకూ పట్టించేవారు. ఆ దుంపలో కాల్చిసిన్ ఉంటుంది, కడుపులోకి పోతే ప్రాణం తీస్తుంది. ఉత్తరేణి వేరు మొలకు కట్టడం, ఇంట్లో తాళాలన్నీ తీయడం, కొప్పు విప్పించడం లాంటివాటితో నష్టం లేదు. భయంతో బిగుసుకుపోయిన పిల్లకు చుట్టూ నలుగురు ఏదో చేస్తున్నారన్న ధైర్యమన్నా వచ్చేది. అసలు బాధ ఏమిటంటే, బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డొచ్చినా మంత్రసాని చేతిలో ఏమీ లేదు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి అన్న సామెత ఊరికే పుట్టలేదు. పట్టలేక, తల్లీబిడ్డా ఇద్దరూ పోయిన ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి.

యూరప్‌లో కథ మరోలా నడిచింది. అక్కడ రికెట్స్ జబ్బుతో కటి ఎముకలు ఇరుకైపోయిన ఆడవాళ్ళు ఎక్కువ. నిండు బిడ్డ ఆ దారిలో పట్టదు. సిజేరియన్ చేస్తే తల్లి దక్కడం అరుదు. కడుపులోనే బిడ్డ తల ఛేదించి తీయడం తప్ప మార్గం లేకపోయేది. 1756 ప్రాంతంలో లండన్‌లోని పేరున్న వైద్యులు కూర్చుని, అలాంటివాళ్ళకు ఏడెనిమిది నెలలకే ఉమ్మనీటి సంచి చీల్చి కాన్పు తెప్పించడం న్యాయమేనా అని చర్చించారు. న్యాయమేనని తేల్చారు. వైద్యుడు కాన్పు రోజును తానే నిర్ణయించడం అక్కడ అలా, ప్రాణం కాపాడాలన్న ఆరాటంతో మొదలైంది.

ఆ ఆరాటంతోపాటే తొందర కూడా వచ్చిపడింది. రై ధాన్యపు కంకులకు పట్టే ఒక బూజు పేరు ఎర్గాట్. అది గర్భాశయాన్ని బిగబట్టిస్తుందని పల్లె మంత్రసానులకు ముందే తెలుసు. 1808లో అమెరికా వైద్యుడు జాన్ స్టెర్న్స్ ఆ పొడిని కాన్పు త్వరగా అయ్యేందుకు వాడవచ్చని ప్రచారం చేశాడు. గంటల కొద్దీ కూర్చోవలసిన పని తప్పిందని వైద్యులు సంతోషించారు. ఎర్గాట్ బిగింపు మామూలు నొప్పిలా వచ్చి పోయేది కాదు. పట్టు విడవదు. ఆ పట్టులో బిడ్డకు ప్రాణవాయువు అందదు, గర్భాశయం పగిలిపోతుంది. మృతశిశువులు పెరిగిపోయారని న్యూయార్క్ వైద్యుడు డేవిడ్ హోసాక్ 1820లలోనే హెచ్చరించాడు. కాన్పు పొడి అన్నదాన్ని చావు పొడి అన్నాడు. క్రమంగా అది బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆపడానికి మాత్రమే మిగిలింది. మేము కూడా దాని వారసుడైన మిథర్జిన్ సూదిని కాన్పు అయ్యాకే ఇచ్చేవాళ్ళం.

తర్వాత వచ్చింది ఆక్సిటోసిన్. 1906లో హెన్రీ డేల్ అనే ఆంగ్లేయుడు పిట్యూటరీ గ్రంథి సారం పిల్లుల గర్భాశయాన్ని సంకోచింపజేస్తుందని చూశాడు. 1909కల్లా దాన్ని మనుషుల మీద వాడారు. గ్రంథి సారం కాబట్టి ఒక సీసాలో బలం ఎక్కువ, ఇంకో సీసాలో తక్కువ. పాత ప్రమాదాలే మళ్ళీ ఎదురయ్యాయి. 1953లో విన్సెంట్ డు విగ్నో ప్రయోగశాలలో ఆక్సిటోసిన్‌ను తయారుచేశాడు, 1955లో నోబెల్ అందుకున్నాడు. కొలత ఖచ్చితంగా తెలిసిన మందు, చుక్క చుక్కగా సెలైన్‌లో. మనవాళ్ళు దాన్నే నొప్పుల సెలైన్ అంటారు. చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె వింటూ ఇస్తే అది వరం. నేనే ఎన్నో కాన్పులకు ఇచ్చాను. రక్తపోటు పెరిగిన తల్లికి, ఉమ్మనీరు పోయి గంటలు గడిచినా నొప్పి రాని తల్లికి అది లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను.

అదే మందు ఊళ్ళకు ఇంకో దారిలో చేరింది. గేదె పాలు చేపడానికి సూది వేసే అలవాటు తెలియని రైతు లేడు. ఆ సూదిలో ఉన్నది ఆక్సిటోసినే. పశువుల మీద దుర్వినియోగం అవుతోందని 2018లో కేంద్రం దాని తయారీని ఒక్క ప్రభుత్వ సంస్థకే పరిమితం చేయబోయింది. బాలింతల రక్తస్రావానికి మందు దొరక్కుండా పోతుందన్న వాదన మీద ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. రెండు పక్షాల భయమూ నిజమే. పల్లెల్లో కొందరు వైద్యం చదవనివాళ్ళు ఆ సూదిని ఇంట్లో పడుకున్న చూలాలి తొడకు పొడిచేవారు. సెలైన్ అయితే నొప్పి హద్దు మీరినప్పుడు ఆపవచ్చు, కండలోకి వేసిన సూదిని వెనక్కి తీసుకోలేం. అలాంటి ఒక తల్లిని ఆటోలో తెచ్చారు. పొట్ట బండలా ఉంది, నొప్పికీ నొప్పికీ నడుమ మెత్తబడటమే లేదు. బిడ్డ గుండె కోసం ఫీటోస్కోపు గొట్టం ఆనించి విన్నాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా జరుపుతూ విన్నాను. ఏమీ వినపడలేదు. గర్భాశయం చిరిగింది. డాక్టరమ్మ తల్లిని దక్కించింది. పొట్ట బండలా ఉంటే దాని అర్థమేమిటో మా అవ్వకు తెలుసు. సూది వేసినవాడికి తెలియదు.

ఒళ్ళు సిద్ధంగా ఉందో లేదో కనిపెట్టే అవ్వ తెలివినే 1964లో ఎడ్వర్డ్ బిషప్ అనే అమెరికన్ వైద్యుడు అంకెల్లోకి దించాడు. ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ముందుకు తిరిగిందా, బిడ్డ తల ఎంత దిగింది. ఈ అయిదింటికీ మార్కులు, మొత్తం 13. ఎక్కువొస్తే నొప్పులు రప్పించినా సాఫీగా కాన్పవుతుంది, తక్కువొస్తే ఎంత మందు ఎక్కించినా మొండికేస్తుంది. నా ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. ఆముదం పనిచేసినవాళ్ళకు ఒళ్ళు అప్పటికే సిద్ధంగా ఉంది.

ఆముదం చేసే పనేమిటో కూడా ఇటీవలే తేలింది. ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కాన్పుకు కీలకమని 1968లో ఉగాండాలోని మకెరెరే విశ్వవిద్యాలయంలో సుల్తాన్ కరీం వాటితో నొప్పులు రప్పించి చూపాడు. ఇప్పుడు ముఖద్వారం మెత్తబడటానికి పెట్టే జెల్, మాత్రలు ఆ కుటుంబానివే. 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం ప్రోస్టాగ్లాండిన్‌కు స్పందించే ఒక గ్రాహకాన్నే తట్టి లేపుతుందని తేలింది. అది పేగుల్లోనూ ఉంది, గర్భాశయంలోనూ ఉంది. కడుపు కదిలాకనే నొప్పులొస్తాయన్న నాయనమ్మ అనుభవానికి మూలం అదే. అంతమాత్రాన ఇంట్లో తాగమని నేను చెప్పను. విరేచనాలతో ఒంట్లో నీరు పోతుంది, ఇంటి దగ్గర బిడ్డ గుండె వినేవారుండరు.

ఖర్జూరాల సంగతి కొంత నయం. మా ఊళ్ళో ముస్లిం ఇళ్ళలో తొమ్మిదో నెలలో ఖర్జూరాలు తినిపించడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఖురాన్‌లో మరియం ఖర్జూరపు చెట్టు కింద ప్రసవించిన కథ ఉంది కదా. 2011లో అచ్చయిన జోర్డాన్ అధ్యయనంలో చివరి నాలుగు వారాలు రోజుకు ఆరు తిన్నవాళ్ళలో నూటికి 96 మందికి, తిననివాళ్ళలో 79 మందికి నొప్పులు వాటంతటవే వచ్చాయి. చిన్న అధ్యయనం, వందకు పైచిలుకు ఆడవాళ్ళు. షుగర్ లేనివాళ్ళు తింటే నష్టమేమీ లేదు.

ఇంతకీ నొప్పులు మొదలుపెట్టేది ఎవరు? తల్లా, బిడ్డా? కడుపులో తిండి చాలక బిడ్డే బయటికి దారి వెతుక్కుంటుందని గ్రీకు వైద్యులు అన్నారు. 1960లలో న్యూజిలాండ్‌లో గ్రేహమ్ లిగ్గిన్స్ గొర్రెల మీద పరిశోధించాడు. కడుపులోని పిల్ల పిట్యూటరీని తొలగిస్తే రోజులు దాటినా ఈనలేదు. పిల్లకు కార్టిసాల్ ఎక్కిస్తే నెలలు నిండకముందే ఈనింది. కబురు పంపేది పిల్లే. అలా ముందే పుట్టిన గొర్రెపిల్లల ఊపిరితిత్తులు అనుకున్నదానికన్నా బాగా తెరుచుకోవడం చూసి, 1972లో రాస్ హౌవీతో కలిసి ఆయన ఆ కోవ మందును మనుషులకు తెచ్చాడు. నెలలు తక్కువ కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి మేము వేసే స్టెరాయిడ్ సూది ఆ కోవదే. మనుషుల్లో ఈ కబురు ఇంకాస్త చిక్కుగా నడుస్తుంది. అయినా ఊపిరితిత్తులు తయారవడం, నొప్పులు రావడం ఒకే తాడుకు రెండు కొసలని తెలిశాక, కారణం లేకుండా రోజును ముందుకు జరిపే ప్రతి చేతి మీదా నాకు అనుమానమే.

ఆ రోజును ఖరారు చేసింది ఒక లెక్క. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో హైడెల్‌బర్గ్ వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె చివరి బహిష్టు నుంచి 280 రోజులని లెక్క ప్రచారంలో పెట్టాడు. మన ఆడవాళ్ళు తొమ్మిది నిండి పదో నెల పడిందని చెప్పుకునేవారు, అందులో రెండు మూడు వారాల వెసులుబాటు ఉండేది. ఇప్పుడు స్కాన్ కాగితం మీద ఒక్క తేదీ ఉంటుంది. ఆ తేదీన పుట్టేది నూటికి నలుగురైదుగురే. తేదీ దాటిన మర్నాడే అత్తగారు, ఆడపడుచు, ఫోన్లో మేనమామ అందరూ కంగారుపెట్టేస్తారు. దానికి తోడు పంతులుగారు పెట్టిన ముహూర్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఎంత గొప్ప సంగతి! 1970ల చివర మంత్రసానులకు ప్రభుత్వం శిక్షణ ఇస్తున్నప్పుడు కలలో కూడా అనుకోనిది. ఏఎన్ఎంగా నేను కూడా ఆ శిక్షణల్లో వాళ్ళకు చేతులు కడుక్కోవడం, బ్లేడు, దారం శుభ్రంగా ఉంచుకోవడం నేర్పాను. వాళ్ళకు తెలిసినవాటిని రాసుకోమని మాత్రం మాకెవరూ చెప్పలేదు. అదే సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5.

నా మాటకు ఎదురు మాట కూడా ఉంది. 2018లో అమెరికాలో ఆరువేల మందికి పైగా తొలిచూలు స్త్రీల మీద జరిగిన అధ్యయనంలో, 39 వారాలకు నొప్పులు రప్పించినవాళ్ళలో సిజేరియన్లు 18.6 శాతం, వేచి చూసినవాళ్ళలో 22.2. అంటే రప్పించడమే చెడ్డది కాదు. కానీ అక్కడ ముఖద్వారాన్ని ఓపిగ్గా మెత్తబరిచి, గంటల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. మంచాలు చాలని మన వార్డులో పొద్దున సెలైన్ పెట్టి, సాయంత్రానికి "ప్రోగ్రెస్ లేదు" అని రాసి థియేటర్‌కు తీసుకెళ్ళడం దానికి సాటి కాదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. ఏడాదిన్నర చదువు. నొప్పుల్లో ఉన్న తల్లిని మంచానికి కట్టిపడేయకుండా నడిపించడం, నచ్చినట్టు కూర్చోనివ్వడం, పక్కన ఉండి ధైర్యం చెప్పడం అందులో భాగం. ఆ పిల్లలు పనిచేస్తుంటే చూసి నా కళ్ళు చెమ్మగిల్లాయి. అవ్వ గడప బయట కూర్చుంది, వీళ్ళు తెల్ల కోటు వేసుకుని లోపల నిలబడ్డారు.

నన్ను అడిగే అమ్మాయిలకు నేను చెప్పేదొక్కటే. తేదీ దాటిందని గాభరా పడొద్దు, ఇంట్లో ఊరికే కూర్చోనూ వద్దు. బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి. లెక్క సరిగ్గా తెలిసి 41 వారాలు నిండితే నొప్పులు రప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, అప్పుడు ఆలస్యం చేయకూడదు. రప్పించే ముందు బిషప్ మార్కులు ఎన్నని డాక్టరును అడగాలి. ప్రతి కేసుషీటులో ఆ గడి ఉండాలి, లోపలి పరీక్ష చేసినవాళ్ళే దాన్ని నింపి సంతకం పెట్టాలి. గడి ఖాళీగా ఉంటే సెలైన్ ఎక్కించనని చెప్పే హక్కు డ్యూటీ నర్సుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.